ఫస్టు ఫారం ఇంగ్లీషు: తెలుగునాట తొలిపాఠాల చరిత్ర

తెలుగునాట చాలాకాలం ఇంగ్లీషు తొలిపాఠం హైస్కూల్లోనే మొదలయింది. ఎలిమెంటరీ బడిలో అయిదేళ్లు తెలుగులో చదివిన పిల్లవాడు పదో ఏటో పదకొండో ఏటో ఫస్టు ఫారంలో చేరి, అక్కడ ఇంగ్లీషు అక్షరాలు దిద్దేవాడు. ఆ ఫస్టు ఫారమే తరువాతి రోజుల్లో ఆరో తరగతి అయింది. పల్లెల నుంచి వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఇరవయ్యో శతాబ్దంలో చాలాభాగం అదే ఇంగ్లీషుకు మొదటి మెట్టు. ఇంగ్లీషు చదువుల చరిత్ర అనగానే మెకాలే, కాలేజీలు, పట్టభద్రులు గుర్తుకు వస్తారు. ఆ పట్టభద్రుడు చిన్నప్పుడు ఏబీసీడీలు ఎలా నేర్చుకున్నాడు, నేర్పిన మాస్టారికి ఎంత తెలుసు, ఆయన చేతిలో ఏ పుస్తకం ఉండేది అన్న సంగతులు మాత్రం చరిత్రకారుల దృష్టికి తక్కువగా వచ్చాయి. రెండు శతాబ్దాలలో బోధన పద్ధతులు చాలానే మారాయి. కొత్తగా నేర్చుకునే పిల్లవాడి స్థితిని లెక్కలోకి తీసుకుని పాఠం తయారుచేసిన సందర్భాలు మాత్రం ఆ చరిత్రలో కొద్ది.

బడులు రాకముందు ఇంగ్లీషు ఒక వృత్తివిద్య. కుంపిణీ కచేరీల్లో, కోర్టుల్లో దుబాసీలుగా, గుమాస్తాలుగా చేరదలచినవాళ్లు దాన్ని నేర్చుకునేవాళ్లు. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో అనువాదకుడిగా పనిచేసినవాడు. ఒంగోలు ప్రాంతంలో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు ఇంగ్లీషు పాండిత్యంతో సదర్ అదాలత్ కోర్టు అనువాదకుడి స్థాయికి చేరాడు. ఆయన ఇంగ్లీషులోనే రాసుకున్న జీవితచరిత్ర మరణానంతరం 1873లో మద్రాసులో అచ్చయింది. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా ఉన్నప్పుడు ఆయన నాటి బడుల స్థితి మీద ఒక నివేదిక ఇచ్చాడు. పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారనీ, చదివిన దానికి అర్థం చెప్పగల అయ్యవార్లు కూడా అరుదనీ అందులోని ఫిర్యాదు. వీధిబడుల్లో తెలుగు చదువుల గురించి చేసిన ఈ ఫిర్యాదును తరువాత నూరేళ్లపాటు ఇంగ్లీషు తరగతుల గురించి ఇన్‌స్పెక్టర్లు మళ్లీ మళ్లీ చేశారు. వల్లె వేసే అలవాటును ఇంగ్లీషు బడి కొత్తగా తేలేదు, వీధిబడి నుంచి అలాగే అందుకుంది.

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు తీయించాడు. 1826 నాటికి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మీద 12,498 బడులు తేలాయి. జిల్లాకు రెండు పెద్ద బడులు, తాలూకాకు ఒక చిన్న బడి పెట్టాలని ఆయన ప్రతిపాదించాడు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు. సగం సగంగా నడిచిన ఆ బడులను 1836లో ఎత్తేశారు. ఈలోగా 1835 ఫిబ్రవరిలో మెకాలే తన అభిప్రాయపత్రం సమర్పించడం, మార్చిలో గవర్నర్ జనరల్ బెంటింక్ ప్రభుత్వం ఇంగ్లీషు చదువుకే డబ్బు ఖర్చు చేయాలని తీర్మానించడం జరిగిపోయాయి. 1841లో మద్రాసులో ప్రభుత్వ హైస్కూలు తెరిచారు. తెలుగు జిల్లాలకు ప్రభుత్వ ఇంగ్లీషు బడి రావడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

ఆ లోటును మిషనరీలు పూరించారు. లండన్ మిషన్ వారు 1805లోనే విశాఖపట్నం చేరారు. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున హేయర్ 1842లో గుంటూరులో, చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడులు పెట్టారు. నోబుల్ బడికి వచ్చినవాళ్లు ఎక్కువగా బ్రాహ్మణ, ఇతర అగ్రవర్ణాల పిల్లలు. వాళ్లు చేజారిపోకుండా అంటరానివారిగా ముద్రపడిన కులాల పిల్లలను ఆయన చేర్చుకోలేదు. అయినా 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, బడి దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి పిల్లలు తిరిగి వచ్చారు. మతం మీద భయం కన్నా ఇంగ్లీషు చదివితే వచ్చే ఉద్యోగం మీద ఆశ బలంగా ఉండేదని ఈ ఉదంతం చెబుతుంది. మాదిగ, మాల పిల్లలకు అక్షరం అందింది వేరే దారిలో. 1860ల తరువాత ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరు సీమలో లూథరన్లు పల్లెల్లో పెట్టిన బడుల ద్వారా వాళ్లలో కొందరు హైస్కూలు గడప తొక్కారు. ఇంగ్లీషు తొలిపాఠం ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది ఆ రోజుల్లో కులమే తేల్చిన విషయం.

1853లో రాజమండ్రిలో జిల్లా పాఠశాల తెరవడంతో ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1854 ప్రాంతంలో గోదావరి జిల్లా సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలరు నరసాపురంలో ఒక బడి పెట్టించాడు. చుట్టుపక్కల గ్రామాల రైతులు భూమిశిస్తుతోపాటు కొంత చెల్లించి తమ ఊళ్లో బడి నడుపుకొనే పద్ధతిని కూడా ఆయనే ప్రవేశపెట్టాడు. వాటికి రేటు స్కూళ్లని పేరు వచ్చింది. రైతులు తమంత తాము చదువుకు పన్ను కట్టుకున్న ఈ ప్రయోగాన్ని మద్రాసు విద్యాశాఖ ఆసక్తిగా గమనించింది. విజయనగరంలో మహారాజా బడి 1857లో మొదలయింది. 1854 నాటి వుడ్ విద్యాపత్రం ఇంగ్లీషు, దేశభాషలు రెండూ పక్కపక్కన నడవాలని, జనసామాన్యానికి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని చెప్పింది. ఆచరణలో మాత్రం 1857లో వచ్చిన మద్రాసు విశ్వవిద్యాలయం, అది పెట్టిన మెట్రిక్యులేషన్ పరీక్ష హైస్కూలు రూపురేఖలను నిర్ణయించాయి. ఆ పరీక్షకు ఏం కావాలో అదే కింది తరగతుల దాకా పాకింది. పదేళ్ల పిల్లవాడి వాచకంలో ఏ పాఠం ఉండాలన్నది కూడా, అతను ఆరేడేళ్ల తరువాత రాయబోయే పరీక్ష చేతిలోకి వెళ్లింది.

నాటి తరగతి గదిలో పాఠం నడిచే తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ముందు ఇరవైఆరు అక్షరాలు, వాటిలో పెద్దవి వేరు, చిన్నవి వేరు, అచ్చువి వేరు, రాతవి వేరు. తరువాత స్పెల్లింగు. మాస్టారు ‘సి ఏ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి’ అంటే తరగతి అంతా గొంతెత్తి అదే అనాలి. గుణింతాలు పాడి నేర్చుకున్న పిల్లలకు ఈ పద్ధతి పరిచితంగానే ఉండేది. అయితే తెలుగు గుణింతంలో రాతకూ పలుకుకూ పొంతన ఉంది, ఇంగ్లీషులో అది లేదు. ఒకే ‘యు’ అక్షరం ‘బట్’లో ఒకలా, ‘పుట్’లో ఇంకొకలా ఎందుకు పలుకుతుందో చెప్పగల మాస్టారు లేడు. ప్రతి మాటనూ విడిగా కంఠస్థం చేయడం ఒక్కటే దారి. ఆ తరువాత నాలుగు గీతల కాపీబుక్కులో దస్తూరీ, రోజూ డిక్టేషను, తప్పులకు బెత్తం లేదా పదిసార్లు ఇంపోజిషను. రెండో ఏడు నుంచి వ్యాకరణం. నామవాచకం, సర్వనామం, క్రియ అంటూ నిర్వచనాలు ఇంగ్లీషులోనే అప్పజెప్పాలి. వాక్యంలో ప్రతి మాటనూ విడదీసి అది ఏ భాషాభాగమో చెప్పే పార్సింగ్, లాటిన్ బోధన నుంచి ఇంగ్లండు బడులకూ అక్కడి నుంచి ఇక్కడికీ వచ్చింది. మాట్లాడడం నేర్పే పీరియడు టైంటేబుల్లో ఎక్కడా లేదు.

అనువాదం ఈ చదువుకు నడుమెముక. ఇంగ్లీషు పేరా ఇచ్చి తెలుగు చేయమనేవారు, తెలుగు పేరా ఇచ్చి ఇంగ్లీషు చేయమనేవారు. ఇందుకు పనికొచ్చే సామగ్రిని అందరికన్నా శ్రద్ధగా సిద్ధం చేసినవాడు సి.పి. బ్రౌన్. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. అదే కాలంలో వచ్చిన ‘వాక్యావళి’లో ఇంగ్లీషు నుడికారానికీ తెలుగు నుడికారానికీ జతలు కూర్చాడు. ఒక భాషలో మనుషులు ఒక సంగతిని ఎలా అంటారో, రెండో భాషలో దాన్నే ఎలా అంటారో పక్కపక్కన చూపడం కొత్తగా నేర్చుకునేవాడికి ఎంత మేలు చేస్తుందో బ్రౌన్‌కు తెలుసు. తెలుగును తాను అలాగే నేర్చుకున్నాడు. బడులు మాత్రం నిఘంటువును తీసుకున్నంతగా ఈ పద్ధతిని తీసుకోలేదు. తరగతిలో జరిగిన అనువాదం చాలావరకు మాటకు మాట వేసే పనిగానే మిగిలింది.

ఆనాటి పిల్లవాడి మీద పడిన బరువు ఎంతో తెలియాలంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. హైస్కూలు పై తరగతుల్లో, అంటే ఫోర్తు ఫారం నుంచి, చరిత్ర, భూగోళం, లెక్కలు అన్నీ ఇంగ్లీషులోనే చెప్పేవారు. ఇంగ్లీషు అక్షరం ఎరగకుండా ఫస్టు ఫారంలో చేరినవాడు కూడా మూడేళ్లలో ఇంగ్లీషులో పాఠం విని అర్థం చేసుకోవాలి. అది సాధ్యం కాదు కనుక పిల్లలు చరిత్రనూ వల్లె వేశారు, భూగోళాన్నీ వల్లె వేశారు. లెక్కల మాస్టారు తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాయించాడు. నిబంధనకు విరుద్ధమైనా ఈ చివరి పనే చాలామందిని గట్టెక్కించింది.

ఈ చదువు ఇంట్లో ఎలా కనిపించేదో గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం చూపుతుంది. 1892లో రంగస్థలం ఎక్కి, 1897లో అచ్చయి, 1909లో తిరగరాసిన రూపం పొందిన ఈ నాటకంలో వెంకటేశం విజయనగరంలో ఇంగ్లీషు చదువుతూ పరీక్ష తప్పుతాడు. గురువు గిరీశం సెలవులకు అతని వెంట అగ్రహారం వెళ్తాడు. కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి ముచ్చటపడితే గురుశిష్యులిద్దరూ పొంతన లేని మాటలూ పద్యం ముక్కలూ గడగడా అప్పజెబుతారు. ఆ తల్లి పొంగిపోతుంది. గురజాడ తానే విజయనగరం బడిలో చదివి, అక్కడే ఉపాధ్యాయుడిగా పనిచేసినవాడు. నాటకంలో ఆ ఘట్టం నవ్విస్తుంది. కానీ ఆస్తి అమ్మి అయినా కొడుకును చదివించాలనుకునే ఇల్లు, ఆ చదువు వచ్చిందో లేదో తేల్చుకునే దారి లేని ఇల్లు కూడా అందులో కనిపిస్తుంది. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు అప్పజెప్పడమే చదువు వచ్చినదానికి రుజువు.

మాస్టారి స్థితి కూడా అంతే కష్టం. మెట్రిక్యులేషన్ గట్టెక్కినవాడు మర్నాడే బడిలో చేరి ఫస్టు ఫారానికి పాఠం చెప్పేవాడు. బి.ఏ. చదివిన మాస్టార్లు పై తరగతులకు వెళ్లేవారు. అక్షరాలు దిద్దించే పని అందరికన్నా తక్కువ చదివినవారికి, తక్కువ జీతం తీసుకునేవారికి దక్కేది. చెప్పుకోదగిన మినహాయింపు కందుకూరి వీరేశలింగం. ఆయన 1870లలో కోరంగి, ధవళేశ్వరం ఇంగ్లీషు-తెలుగు బడుల్లో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాడు. మద్రాసులో 1856లో మొదలైన ఉపాధ్యాయ శిక్షణ తెలుగు జిల్లాలకు చేరడానికి చాలా కాలం పట్టింది. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ వచ్చింది 1894లో. ఆ తరువాతే ఎల్.టి. అనే ఉపాధ్యాయ శిక్షణ పట్టా ఉన్న తెలుగు ఉపాధ్యాయులు చెప్పుకోదగ్గ సంఖ్యలో బడులకు వెళ్లారు.

1904లో కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానంలో ఒక మంచి మాట చెప్పింది. సొంత భాషలో పునాది పడకుండా పిల్లవాడికి ఇంగ్లీషు మొదలుపెట్టకూడదని, పదమూడేళ్లలోపు ఇంగ్లీషులో ఇతర విషయాలు చెప్పకూడదని దాని సారాంశం. మద్రాసు రాజధానిలో మెట్రిక్యులేషన్ స్థానంలో స్కూల్ ఫైనల్, అంటే ఎస్.ఎస్.ఎల్.సి. పథకం 1909లో వచ్చింది. మొదటి పరీక్ష 1911లో జరిగింది. ఒక్క పరీక్ష మీదే ఆధారపడకుండా బడిలో వచ్చిన మార్కులను కూడా పుస్తకంలో నమోదు చేయాలన్నది దాని ఉద్దేశం. ఆ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం తరువాత పుట్టినతేదీకి, ఉద్యోగానికి ఆధారమై కుటుంబాల పెట్టెల్లో భద్రంగా నిలిచింది. బోధనలో మాత్రం పబ్లిక్ పరీక్ష పట్టు సడలలేదు.

ఈ కాలంలోనే తెలుగు భాషాచరిత్రనూ ఇంగ్లీషు బోధనచరిత్రనూ కలిపే ఒక ఘట్టం జరిగింది. 1907 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. భాషను ముందు చెవితో, నోటితో నేర్చుకోవాలని, పుస్తకం తరువాత రావాలని చెప్పే డైరెక్ట్ మెథడ్ అప్పటికి యూరప్‌లో బలపడింది. యేట్స్ తెలుగు నేర్చుకోబోతే చుట్టూ జనం మాట్లాడే భాష ఒకటి, వాచకాల్లో ఉన్నది ఇంకొకటి. ఎందుకీ తేడా అని ఆయన అడిగిన ప్రశ్న విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారును, విజయనగరంలో గురజాడను, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిని కదిలించింది. గిడుగు 1880 నుంచి పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడు. సవర పిల్లలకు చదువు చెప్పడానికి వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసిన మనిషి. పిల్లవాడికి తెలిసిన మాట నుంచి తెలియని మాటకు వెళ్లాలన్నది ఆయనకు అనుభవంలో తేలిన సత్యం.

ఈ ఘట్టాన్ని సాధారణంగా వాడుకభాష ఉద్యమానికి నాందిగా చెబుతారు. అది నిజమే. ఇంగ్లీషు తరగతి వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఫస్టు ఫారం పిల్లవాడు ఇంగ్లీషు పేరాను అనువదించవలసింది ఇంట్లో మాట్లాడే తెలుగులోకి కాదు, చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ ఒరవడిలోని గ్రాంథికంలోకి. అంటే ఒకే అభ్యాసంలో రెండు తెలియని భాషల మధ్య నడవాలి. ఇంగ్లీషు వాక్యం అర్థమైందో లేదో మాస్టారు తెలుసుకోవడానికి ఉన్న ఒకే సాధనం పిల్లవాడి తెలుగు. ఆ తెలుగునే తప్పని కొట్టేస్తుంటే, తప్పు ఇంగ్లీషులో ఉందా తెలుగులో ఉందా అన్నది ఎవరికీ తేలదు. స్కూల్ ఫైనల్‌లో వ్యాసాన్ని వాడుకభాషలోనైనా రాయవచ్చని 1912-13లో ఉత్తర్వు వచ్చింది. పండితుల ఆందోళనతో త్వరలోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఉత్తర్వు నిలిచి ఉంటే తెలుగు వ్యాసానికే కాక ఇంగ్లీషు తొలిపాఠానికి కూడా ఎంతో మేలు జరిగేది. డైరెక్ట్ మెథడ్ పేరు మాత్రం శిక్షణ కళాశాలల నోట్సుల్లో నిలిచింది. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడగల మాస్టారు ఉంటేనే నడిచే పద్ధతి అది. అలాంటి మాస్టారు ఫస్టు ఫారానికి అరుదుగా దొరికాడు.

మాటల ఎంపిక మీద శాస్త్రీయమైన ఆలోచన బెంగాల్ నుంచి వచ్చింది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో ప్రచురించిన పరిశోధనలో భారతీయ పిల్లవాడికి ముందుగా కావలసింది చదివి అర్థం చేసుకునే శక్తి అని వాదించాడు. ఎక్కువగా వాడే మాటలు ముందు, అరుదైనవి తరువాత వచ్చేలా, పేజీకి వచ్చే కొత్తమాటలను అదుపులో పెట్టి ఆయన రాసిన ‘న్యూ మెథడ్’ వాచకాలను లాంగ్‌మన్స్ ప్రచురించింది. అంతకుముందు వాచకాల్లో రెండో పాఠంలోనే ఇంగ్లండు మంచు, ఓక్ చెట్టు, పొయ్యి పక్కన కుక్క వచ్చేవి. అవేమిటో ఎప్పుడూ చూడని పిల్లవాడు వాటి స్పెల్లింగులు నేర్చేవాడు. వెస్ట్ చేసిన పని చిన్నదిగా కనిపించినా, మొదటిసారి ఒక రచయిత కొత్తగా నేర్చుకునేవాడి స్థితిని లెక్కించి పుస్తకం కూర్చాడు. వ్యాకరణానికి నెస్‌ఫీల్డ్ పుస్తకాలు, 1930ల నుంచి రెన్ అండ్ మార్టిన్ రాజ్యమేలాయి. పాఠ్యపుస్తకం, దాని పక్కన కథల నాన్‌డిటైల్ అన్న జంట కూడా స్థిరపడిపోయింది.

1930ల చివరికి మద్రాసు హైస్కూళ్లలో ఇతర విషయాలన్నీ మాతృభాషలో చెప్పడం నియమమైంది. పిల్లలకు ఇది పెద్ద విడుదల. అయితే దీనితో ఇంగ్లీషు పాత్ర మారింది. నిన్నటిదాకా అన్ని చదువులకూ వాహనంగా ఉన్నది ఇప్పుడు వారానికి కొన్ని పీరియడ్ల సబ్జెక్టు అయింది. వినే సమయం తగ్గింది, వాచకాల స్థాయి అంతగా తగ్గలేదు. స్కూల్ ఫైనల్‌లో ఇంగ్లీషు ఒక్కటే తప్పి చదువు ఆగిపోయిన తరాలు ఇక్కడి నుంచి మొదలవుతాయి.

నిజాం రాజ్యంలో తెలుగు పిల్లవాడి దారి ఇంకా దూరం. హైదరాబాదులో 1834 నుంచే ఇంగ్లీషు బడి ఉంది. సాలార్‌జంగు కాలంలో దారుల్ ఉలూం, మదర్సా ఆలియా, చాదర్‌ఘాట్ హైస్కూలు వచ్చాయి. చాదర్‌ఘాట్ బడి నుంచి ఎదిగిన కాలేజీయే 1887లో నిజాం కాలేజీ అయింది. అవన్నీ నగరానికి, ఉన్నత కుటుంబాలకు చెందినవి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమం పెట్టి, ఇంగ్లీషును తప్పనిసరి భాషగా ఉంచింది. దేశభాషలో ఉన్నతవిద్య చెప్పిన ఘనత దానిది. కానీ వరంగల్, నల్లగొండ, కరీంనగర్ పల్లెల నుంచి వచ్చిన పిల్లవాడికి ఉర్దూ కూడా నేర్చుకోవలసిన భాషే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, ఆ ఉర్దూ ద్వారా ఇంగ్లీషు. ఇంగ్లీషు మాటకు అర్థం ఉర్దూలో చెబితే, ఆ ఉర్దూ మాటకు అర్థం మళ్లీ వెతుక్కోవాలి. 1948 తరువాత బడులు క్రమంగా తెలుగు మాధ్యమానికి మారాయి. ఇంగ్లీషు బోధన చరిత్ర రాసేవారు కోస్తా కథనే తెలుగువారి కథగా చెప్పడం వల్ల ఈ మూడు భాషల శ్రమ మరుగున పడింది.

స్వాతంత్య్రం వచ్చాక హైస్కూలు పల్లెకు వచ్చింది. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ ఏర్పడడంతో జిల్లా బోర్డుల బడులు జిల్లా పరిషత్ హైస్కూళ్లయ్యాయి. మొదటి తరం చదువరులు, కూలీల పిల్లలు, ఆడపిల్లలు ఇంగ్లీషు తరగతిలోకి వచ్చారు. అంతకుముందు ఫస్టు ఫారానికి చేరినవారిలో చాలామంది ఇళ్లలో తండ్రికో అన్నకో నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెలిసి ఉండేవి. ఇప్పుడు చేరినవారికి బడి తప్ప వేరే చోటు లేదు. తొలిపాఠం అసలైన తొలిపాఠం అయింది ఈ తరానికే.

సరిగ్గా ఆ సమయంలో స్ట్రక్చరల్ పద్ధతి వచ్చింది. 1957లో నాగపూర్‌లో జరిగిన అఖిలభారత సదస్సు హైస్కూలు ఆరేళ్లకు కొన్ని వందల వాక్యనిర్మాణాలు, పరిమితమైన మాటల పట్టికతో ఒక క్రమం సూచించింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి ఉపాధ్యాయ శిక్షకులు అక్కడికి వచ్చి ఉచ్చారణశాస్త్రం, వాక్యనిర్మాణాల బోధన నేర్చుకున్నారు. 1972లో అది విదేశీ భాషలనూ కలుపుకుని పేరు మార్చుకుంది. ఈనాటి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ) అదే. అప్పటికి వేరైపోయిన మద్రాసు రాష్ట్రంలో ప్రారంభ తరగతులకు ఇంగ్లీషు చెప్పే 27,000 మంది టీచర్లకు గొలుసుకట్టుగా తిరిగి శిక్షణ ఇచ్చే ప్రయత్నం జరిగింది. మొదటి బృందం రెండో బృందానికి, రెండోది మూడోదానికి నేర్పాలి. ఇలాంటి గొలుసులో చివరి మాస్టారికి చేరేసరికి పద్ధతిలోని ప్రాణం తగ్గిపోతుందన్న విమర్శ వచ్చింది. ఆ తరువాత ఇతర రాష్ట్రాల్లో జరిగిన ఇలాంటి గొలుసుకట్టు శిక్షణలకూ ఆ విమర్శ వర్తిస్తుంది.

స్ట్రక్చరల్ పాఠం అంతకుముందు పాఠాలకన్నా మేలైనదే. మాస్టారు కలం ఎత్తి చూపి ‘దిస్ ఈజ్ ఎ పెన్’ అంటాడు, తలుపు వైపు నడుస్తూ నడుస్తున్నానంటాడు, పిల్లలు చూసి, విని, కలిసి అంటారు. అర్థం కళ్లముందే ఉంటుంది. వాక్యంలో ఒక మాట తీసి ఇంకోటి పెట్టే పట్టికలు, చార్టులు, ఫ్లాష్‌కార్డులు వచ్చాయి. ఇబ్బంది రెండేళ్ల తరువాత. మూడో ఏడు నుంచి పరీక్ష కోసం పేరాలు, వ్యాసాలు రావాలి, పట్టిక నుంచి వ్యాసానికి దారి ఎవరూ వేయలేదు. పైగా తెలుగు మాట వాడితే తప్పన్న భావన బలపడింది. కొత్త మాటకు తెలుగు అర్థం ఒక్క క్షణంలో చెప్పగలిగినా, చెప్పకుండా పది నిమిషాలు బొమ్మలతో గడిపే పాఠాన్ని మంచి పాఠమన్నారు. అరవైమంది పిల్లలున్న గదిలో ఆ పది నిమిషాలు పోతే మిగిలే సమయం తక్కువ. ఇన్‌స్పెక్షను రోజున ఇంగ్లీషులో, మిగతా రోజుల్లో తెలుగులో నడిచిన పాఠాల వెనుక ఉన్నది ఈ ఒత్తిడే.

అన్నిటికన్నా పెద్ద లోటు ఉపాధ్యాయుడిది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో చాలాకాలం ఇంగ్లీషుకు ప్రత్యేకమైన పోస్టు లేదు. సాంఘికశాస్త్రం చెప్పే బి.ఇడి. అసిస్టెంటే ఇంగ్లీషూ చెప్పేవాడు. ఆయన సొంత ఇంగ్లీషు కూడా అదే బడి నుంచి వచ్చింది. గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు ఆ ఖాళీలోకి వచ్చాయి. పాఠం తెలుగు సారాంశం, ప్రశ్నకు తయారుగా జవాబు, ఖాళీలు పూరించే పదాలు అన్నీ వాటిలో దొరికేవి. పిల్లలు పుస్తకం తెరవకుండా పదో తరగతి గట్టెక్కగలిగారు. గైడును తిట్టడం తేలిక. అర్థం తెలుగులో చెప్పే పుస్తకం పిల్లవాడికి ఎంత అవసరమో దానికి వచ్చిన గిరాకీయే చెబుతుంది. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాలల ఫలితాలు చూస్తే, పల్లె పిల్లలకు పూర్తికాలపు శ్రద్ధ, తగినంత మంది మాస్టార్లు దొరికినప్పుడు ఇంగ్లీషు రావడం అసాధ్యమేమీ కాదని తెలుస్తుంది.

1964-66 కొఠారి కమిషన్ ఇంగ్లీషును అయిదో తరగతికి ముందు మొదలుపెట్టవద్దని చెప్పింది. 1979-84 మధ్య ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు పరిసరాల బడుల్లో జరిపిన ప్రయోగం ఇంకో దారి చూపింది. రైలు టైంటేబులు చూసి జవాబు కనుక్కోవడం, పటంలో దారి వెతకడం వంటి పనుల్లో పిల్లల దృష్టి అర్థం మీద ఉంటే భాష దానంతట అది పట్టుబడుతుందని ఆయన ప్రతిపాదన. ప్రపంచమంతా చర్చించిన ఈ ఆలోచన దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో పుట్టిందన్నది గర్వించదగ్గ విషయం. ఆంధ్రప్రదేశ్ వాచకాలు ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్’ వంటి పేర్లతో సంభాషణలు, జంటపనులు చేర్చుకున్నాయి. పబ్లిక్ పరీక్షలో మాట్లాడే పరీక్ష లేకపోవడంతో ఆ పుటలు ఎక్కువగా తిప్పేసిన పుటలే అయ్యాయి.

ఈలోగా పట్టణాల్లో, తరువాత పల్లెల్లో కాన్వెంట్లని పిలిచే ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులు పెరిగాయి. ప్రభుత్వ బడులు కూడా ఇంగ్లీషును కింది తరగతులకు దించుతూ, క్రమంగా ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టాయి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం సక్సెస్ అనే పథకం పేరిట దాదాపు 6,500 హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టింది. కాగితం మీద ఆరో తరగతి పిల్లవాడికి ఇప్పుడు అయిదేళ్ల ఇంగ్లీషు ఉంది. తరగతిలో అక్షరాల దగ్గర, చిన్న మాటల దగ్గర ఆగిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. అయిదేళ్లు చదివినవాడిగా లెక్కించి రాసిన వాచకం వాళ్ల చేతిలో ఉంటుంది. మొదలుపెట్టే వయసు తగ్గించినంత సులువుగా మొదలుపెట్టే మాస్టారిని తయారుచేయడం కుదరలేదు.

ఇటీవలి మార్పుల్లో ఆరో తరగతి పిల్లవాడికి నేరుగా ఉపయోగపడుతున్నది ద్విభాషా పాఠ్యపుస్తకం. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి గణితం, సైన్సు, సాంఘికశాస్త్రం పుస్తకాల్లో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో అదే పాఠం తెలుగులో అచ్చువేస్తున్నారు.